ఫిర్యాదు పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?

మన దేశంలో ఫిర్యాదు కమిటీలకు కొరత లేదు. ఏ పెద్ద కార్యాలయంలో అడుగుపెట్టినా గోడమీద ఒక బోర్డు, ఆ బోర్డు మీద నాలుగైదు పేర్లు, ఫోన్ నంబర్లు కనిపిస్తాయి. కంపెనీల వార్షిక నివేదికలు తిరగేస్తే 'ఈ సంవత్సరం అందిన ఫిర్యాదులు: సున్నా' అన్న వాక్యం తరచుగా ఎదురవుతుంది. ఆ సున్నాను యాజమాన్యాలు తమ సచ్ఛీలతకు యోగ్యతాపత్రంగా చూపించుకుంటాయి. వేలాది మంది పనిచేసే చోట ఏడాది పొడవునా ఒక్కరికీ ఏ అన్యాయమూ జరగలేదని నమ్మాలట! ఒక ఊరి పోలీస్ స్టేషన్‌లో ఏళ్ల తరబడి ఒక్క కేసూ నమోదు కాకపోతే ఆ ఊళ్లో దొంగలే లేరని ఎవరూ అనుకోరు. స్టేషన్ మెట్లెక్కడానికి జనం భయపడుతున్నారేమోనని ముందుగా అనుమానిస్తారు. కార్యాలయాల విషయంలో మాత్రం ఆ అనుమానం మనకు రాదు.

ఉద్యోగుల దుష్ప్రవర్తన అనేక రూపాల్లో ఉంటుంది. లైంగిక వేధింపు కావచ్చు, లంచగొండితనం కావచ్చు, కింది ఉద్యోగిని కులం పేరుతో అవమానించడం కావచ్చు. వాటి మీద ఫిర్యాదు తీసుకుని విచారించే ఏ వ్యవస్థకైనా గీటురాయి ఒక్కటే. అక్కడి అందరికన్నా పెద్ద మనిషి మీద అందరికన్నా చిన్న ఉద్యోగి నోరు విప్పితే ఏమవుతుంది? గుమాస్తా మీద గుమాస్తా చేసిన ఫిర్యాదును ఏ కమిటీ అయినా తేల్చగలదు. కమిటీని నియమించినవారి మీదే ఫిర్యాదు వచ్చిన రోజున దాని అసలు రంగు బయటపడుతుంది. అటువంటి రోజు వచ్చినప్పుడల్లా మన వ్యవస్థలు తడబడుతూనే ఉన్నాయి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అవి తడబడతాయని ముందే హెచ్చరించినవారున్నారు. ఆ హెచ్చరికను పక్కన పడేసి మరీ వాటిని కట్టుకున్నాం.

ఆ హెచ్చరిక ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే 1992కు వెళ్లాలి. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భన్వరీదేవి రాష్ట్ర ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేసేవారు. ఒక బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె చేసింది ప్రభుత్వం అప్పగించిన పనే. అయినా ఆ పని వల్ల వచ్చిపడిన ఆపదకు యజమానిగా బాధ్యత వహించడానికి ప్రభుత్వం ముందుకు రాలేదు. 1995లో విచారణ కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విముక్తుల్ని చేసింది. అప్పటికే కొన్ని మహిళా సంఘాలు సుప్రీంకోర్టు తలుపు తట్టాయి. 'విశాఖ కేసు' అన్న పేరు వినగానే తెలుగువారికి సాగరతీర నగరం గుర్తుకు రావడం సహజం. కానీ ఆ పేరు రాజస్థాన్‌కు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థది. 1997 ఆగస్టు 13న వెలువడిన ఆ తీర్పు ప్రతి పనిచోటా ఫిర్యాదు కమిటీ ఉండాలని ఆదేశించింది. దానిని రాసినవారు నాటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.ఎస్. వర్మ.

పదిహేనేళ్లు గడిచాయి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత చట్టాల సమీక్షకు కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షులు మళ్లీ ఆ జస్టిస్ వర్మే. ఆనాటికి పనిచోట వేధింపుల బిల్లును లోక్‌సభ ఆమోదించింది, రాజ్యసభ ఇంకా ఆమోదించవలసి ఉంది. వర్మ కమిటీ 2013 జనవరి 23న ఇచ్చిన నివేదికలో ఆ బిల్లును పరిశీలించి, సంస్థ లోపలి కమిటీల చేతికి విచారణ అప్పగించడం తగదని చెప్పింది. నాలుగు గోడల మధ్యనే తేల్చుకోమంటే ఫిర్యాదు చేయడానికే మహిళలు వెనుకాడతారని హెచ్చరించింది. యజమాని అధీనంలో లేని ఉద్యోగ ట్రిబ్యునల్ ఏర్పాటు చేయాలని సూచించింది. ఫిర్యాదు కమిటీలకు పునాది వేసిన న్యాయమూర్తే లోపలి కమిటీలు చాలవని చెప్పాక పార్లమెంటు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. నెల తిరిగిందో లేదో, ఫిబ్రవరి 26న, ఆ బిల్లు లోపలి కమిటీలతోనే రాజ్యసభ గడప దాటింది. 2013 డిసెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు ఆ చట్టం నిర్మాణాన్ని చూడండి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక మీద 60 రోజుల్లో చర్య ఉండాలి. కాగితం మీద దీనికి వంక పెట్టలేం. అయితే ఆ అధ్యక్షురాలిని ఎంపిక చేసేది యజమాని. సభ్యులను ఎంపిక చేసేది యజమాని. బయటి వ్యక్తి ఎవరో నిర్ణయించేదీ, ఆ వ్యక్తికి రుసుము చెల్లించేదీ యజమానే. కమిటీ సిఫార్సు చేస్తుంది, అమలు చేయవలసింది మళ్లీ యజమాని. ఆ కమిటీ సభ్యుల పదోన్నతులు, జీతాల పెంపు, బదిలీలు ఎవరి సంతకంతో జరుగుతాయో వేరే చెప్పాలా? వాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. నిజాయితీగా ఉండాలంటే తమ ఉద్యోగాన్ని పణంగా పెట్టవలసిన స్థితిలో వాళ్లను చట్టమే కూర్చోబెట్టింది.

ఈ లోపం ఎంత ఎత్తుకు పాకిందో 2019 ఏప్రిల్‌లో దేశమంతా చూసింది. సుప్రీంకోర్టులో పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న ఒక మహిళ, నాటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రంజన్ గొగోయ్ తనను వేధించారంటూ న్యాయమూర్తులకు ప్రమాణపత్రం పంపారు. ఆయన ఖండించారు. ఖండించే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది. కానీ ఏప్రిల్ 20న, శనివారం, ఈ విషయం మీద ప్రత్యేకంగా సమావేశమైన ధర్మాసనంలో ఆయన స్వయంగా ఆసీనులయ్యారు. తర్వాత ఆయన సహ న్యాయమూర్తులు ముగ్గురు అంతర్గత విచారణ జరిపారు. న్యాయవాదిని వెంట తెచ్చుకోవడానికి అనుమతి లేదని తెలిశాక ఫిర్యాదీ ఆ విచారణ నుంచి తప్పుకున్నారు. మే 6న ఆరోపణల్లో పస లేదని ప్రకటించారు. ఆ నివేదిక ప్రజలకే కాదు, ఫిర్యాదు చేసిన మనిషికి కూడా అందలేదు. 2020 జనవరిలో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. మార్చిలో, అప్పటికే పదవీ విరమణ చేసిన జస్టిస్ గొగోయ్ రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆరోపణలోని నిజానిజాలు ఇక్కడ ప్రస్తుతం కాదు. తన కేసులో తానే తీర్పరి కారాదన్నది న్యాయశాస్త్రం మొదటి పాఠాల్లో ఒకటి. దేశానికి ఆ పాఠం చెప్పవలసిన భవనంలోనే దానికి తూట్లు పడ్డాయి. విచారణ నిష్కర్ష సరైనదే అయినా, ఆ పద్ధతి వల్ల దానిని నమ్మే అవకాశం లేకుండా పోయింది. నష్టపోయింది ఫిర్యాదీ ఒక్కరే కాదు, ఆ పదవి గౌరవం కూడా.

నాలుగేళ్ల తర్వాత జంతర్ మంతర్ దగ్గర ఇదే వరుస. 2023 జనవరిలో దేశానికి పతకాలు తెచ్చిన మహిళా రెజ్లర్లు తమ సమాఖ్య అధ్యక్షుడు, అధికార పార్టీ ఎంపీ బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన వాటిని తోసిపుచ్చారు. క్రీడా మంత్రిత్వ శాఖ మేరీకోమ్ నాయకత్వంలో ఒక పర్యవేక్షక కమిటీ వేసింది. తమను సంప్రదించకుండానే సభ్యులను ఎంపిక చేశారని రెజ్లర్లు మొత్తుకున్నారు. ఆ కమిటీ నివేదికను ప్రజల ముందు పెట్టలేదు. ఏప్రిల్‌లో మళ్లీ రోడ్డెక్కి, సుప్రీంకోర్టుకు వెళితే తప్ప ఢిల్లీ పోలీసులు ఎఫ్ఐఆర్ నమోదు చేయలేదు. ఆ మే నెలలోనే సుప్రీంకోర్టు మరొక కేసు తీర్పులో, దేశంలోని 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల చట్టం కోరిన కమిటీయే లేదన్న పత్రికా కథనాన్ని ఉటంకించింది. చట్టం వచ్చి అప్పటికి పదేళ్లు. 2024 ఎన్నికల్లో బ్రిజ్‌భూషణ్‌కు టికెట్ రాలేదు, ఆయన కుమారుడికి వచ్చింది. పార్టీ దృష్టిలో ఫిర్యాదుకు ఉన్న విలువ అంతే.

ఆర్థిక అక్రమాల విషయానికి వద్దాం. ఐసీఐసీఐ బ్యాంకు అధినేత్రి చందా కొచ్చర్ మీద వీడియోకాన్ రుణాల వ్యవహారంలో స్వప్రయోజన ఆరోపణలు వచ్చినప్పుడు, 2018 మార్చిలో బ్యాంకు బోర్డు ఆమె మీద పూర్తి విశ్వాసం ప్రకటించింది. విమర్శలు పెరిగాక అదే బోర్డు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణకు స్వతంత్ర విచారణ అప్పగించింది. 2019 జనవరిలో ఆయన నివేదిక ఆమె బ్యాంకు ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘించారని తేల్చింది. బ్యాంకు అదే, రుణాలవే, ఆరోపణలవే. బోర్డు తానే చూసుకున్నప్పుడు దొరకని తప్పు, బయటి మనిషి కాగితాలు తిరగేస్తే దొరికింది. మన హైదరాబాద్ సంగతీ మరిచిపోకూడదు. సత్యం కంప్యూటర్స్ లెక్కల బూటకం 2009 జనవరి 7న బహిరంగమైంది ఆ సంస్థ అధిపతి రామలింగరాజు సొంత లేఖతో. వేలకోట్ల అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోసిన సంస్థలో దానిని లోకానికి చెప్పడానికి చివరికి యజమాని ఒప్పుకోలే దిక్కయింది.

ప్రభుత్వోద్యోగంలో నోరు విప్పితే ఏమవుతుందో సత్యేంద్ర దూబే చావు చెబుతుంది. జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరుగా పనిచేస్తూ, స్వర్ణ చతుర్భుజి పనుల్లో అవినీతి గురించి ఆయన 2002లో నేరుగా ప్రధానమంత్రి కార్యాలయానికి రాశారు. తన పేరు గోప్యంగా ఉంచమని అదే లేఖలో వేడుకున్నారు. ఆ లేఖ పేరుతో సహా ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి ప్రయాణించింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. ఆ తర్వాత, 2004లో, కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు గోప్యంగా ఫిర్యాదు చేసే తీర్మానం వచ్చింది. 2014లో అక్రమాలను బయటపెట్టేవారి రక్షణకు పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది. రాష్ట్రపతి సంతకం అయింది, గెజిట్‌లో అచ్చయింది. అమల్లోకి తెచ్చే ప్రకటన మాత్రం వెలువడలేదు. పైగా 2015లో దానిని నీరుగార్చే సవరణను లోక్‌సభ ఆమోదించింది. అవినీతి మీద యుద్ధమంటూ వేదికలెక్కే ఏ నాయకుడినైనా ఈ ఒక్క ప్రశ్న అడగండి: చేసిన చట్టాన్ని అమలు చేయడానికి మీకు అడ్డుపడుతున్నది ఎవరు?

ఇక్కడ కొందరు వెంటనే అడ్డుపడతారు. 'తప్పుడు ఫిర్యాదుల సంగతేమిటి? కక్షతో ఒకరి జీవితాన్ని నాశనం చేస్తే?' అంటారు. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. దీనికి జవాబు చట్టంలోనే ఉంది. దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేసినట్టు విచారణలో తేలితే చర్య తీసుకోవచ్చు. అయితే నిరూపించలేకపోవడం, అబద్ధం చెప్పడం ఒకటి కావని కూడా చట్టం స్పష్టంగా చెప్పింది. మరో మాట. నిజంగా నిర్దోషి అయినవారికి స్వతంత్ర విచారణకు మించిన రక్షణ లేదు. గోవా విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడి మీద 2009లో ఫిర్యాదులు వచ్చాయి. కమిటీ హడావుడిగా విచారణ ముగించింది, ఆయన ఉద్యోగం పోయింది. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ విచారణలో ఆయనకు తన వాదన వినిపించుకునే న్యాయమైన అవకాశం ఇవ్వలేదని నిర్ధారించి, 2009 మే నాటి దశ నుంచి మళ్లీ మొదలుపెట్టమంది. పద్నాలుగేళ్ల తర్వాత కథ మొదటికొచ్చింది. విచారణ చేయడం తెలియని కమిటీ వల్ల నిందితుడికి న్యాయం జరగలేదు, ఫిర్యాదు చేసిన విద్యార్థినులకూ జరగలేదు. రేపు తన మీద ఆరోపణ వస్తే ఏమిటని భయపడే ప్రతి ఉద్యోగీ స్వతంత్ర విచారణ కావాలని అందరికన్నా ముందు అడగాలి.

ఎవరూ వినకపోతే ఏమవుతుంది? 2025 జులైలో ఒడిశాలోని బాలేశ్వర్‌లో ఒక కళాశాల విద్యార్థిని తన విభాగాధిపతి వేధిస్తున్నాడని ఫిర్యాదు చేసింది. దిక్కు తోచక కళాశాల ఆవరణలోనే ఒంటికి నిప్పంటించుకుంది. రెండు రోజుల తర్వాత భువనేశ్వర్ ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. విభాగాధిపతి, ప్రిన్సిపాల్ ఇద్దరూ అరెస్టయ్యారు. చట్టం పుట్టిన పన్నెండేళ్లకు జరిగిన సంగతి ఇది. మరణం తర్వాత కదిలిన యంత్రాంగం, కాగితం అందిన రోజున కదిలి ఉంటే చాలు కదా. ఫిర్యాదు వ్యవస్థను ఒక పరిపాలనా లాంఛనంగా, మానవ వనరుల విభాగం దస్త్రంగా చూసేవారు ఈ పిల్లను గుర్తుంచుకోవాలి.

ఏం చేయాలో తెలియక మనం ఆగిపోలేదు. ఇదే చట్టంలో ఒక మంచి విత్తనం ఉంది. ఫిర్యాదు యజమాని మీదే అయితే అంతర్గత కమిటీకి కాదు, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలని చట్టం చెబుతుంది. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట్లకూ, ఇళ్లలో పనిచేసే మహిళలకూ అదే దిక్కు. యజమాని తన మీద తాను విచారణ చేసుకోలేడని చట్టమే ఒప్పుకున్నట్టు కదా ఇది! ఆ విత్తనాన్ని మొక్కగా పెంచలేదంతే. మీ జిల్లాలో స్థానిక కమిటీ ఎక్కడ కూర్చుంటుందో, దాని అధ్యక్షురాలు ఎవరో మీ వీధిలో పదిమందిని అడిగి చూడండి. కమిటీలు, జిల్లా అధికారుల నియామకాలు పూర్తి చేయమని 2024 డిసెంబరులో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలకు గడువులు పెట్టి చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

కాబట్టి కోరవలసినవి ఇవి. సంస్థ అధిపతి మీద, అతనికి నేరుగా జవాబుదారీగా ఉండే పై అధికారుల మీద వచ్చే ప్రతి ఫిర్యాదూ సంస్థ బయటికి వెళ్లాలి. దానిని విచారించేవారు జిల్లా లేదా రాష్ట్ర స్థాయిలో శిక్షణ పొందిన జాబితా నుంచి రావాలి. వారి ఎంపికలో, వారి రుసుములో యజమాని చేయి ఉండకూడదు. ఫిర్యాదు అందిన వెంటనే తేదీతో, నంబరుతో రశీదు ఇవ్వాలి, మౌఖికంగా చెప్పినా రాసుకోవాలి. ఈమెయిళ్లు, కెమెరా దృశ్యాలు, హాజరు పట్టీలు ఆ రోజే భద్రపరచాలి. ఫిర్యాదీ పనితీరు నివేదిక రాసే అధికారం నిందితుడి చేతి నుంచి తప్పించాలి. ఈ మాట నిబంధనల్లో ఇప్పటికే ఉంది, అడిగితే ఇస్తామన్న పద్ధతిలో. అడగకుండానే జరగాలి. ఆరోపణ పాఠం, సాక్ష్యాలు, జవాబు చెప్పే గడువు నిందితుడికి అందాలి. కారణాలతో కూడిన నివేదిక ఇద్దరి చేతికీ రావాలి. సిఫార్సును అమలు చేయని యజమాని ఎందుకు చేయలేదో రాతపూర్వకంగా చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘించిన సంస్థకు మొదటిసారి వేసే జరిమానా 50,000 రూపాయలకు మించదు. పెద్ద కంపెనీలకు అది ఒక పూట విందు ఖర్చు. దానిని సంస్థ ఆదాయంతో ముడిపెట్టాలి.

ఇవన్నీ పార్లమెంటు చేయాలి. సరిగ్గా ఇక్కడే అసలు చిక్కుంది. చట్టాలు చేసే పార్టీలు తమ ఇంటి గడపను ఆ చట్టానికి అవతల ఉంచుకున్నాయి. పార్టీకీ కార్యకర్తకూ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కనుక పార్టీలు అంతర్గత కమిటీలు వేయనక్కరలేదని 2022లో కేరళ హైకోర్టు తీర్పిచ్చింది. దానిని సవాలు చేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. జెండా మోసే మహిళా కార్యకర్త, టికెట్ కోసం నాయకుడి గుమ్మం దగ్గర గంటలకొద్దీ నిలబడే ఆశావహురాలు, పగలూ రాత్రీ ప్రచారంలో తిరిగే యువతి, వీళ్లలో ఎవరికీ పార్టీలో ఫిర్యాదు చేసే చోటు లేదు. చట్టం మాట చట్టానిదే కావచ్చు. ఒక పార్టీ స్వచ్ఛందంగా స్వతంత్ర విచారణ మండలిని పెట్టుకుంటే ఏ కోర్టు కాదంటుంది? వేదిక మీద మహిళా రిజర్వేషన్ గురించి గంటసేపు మాట్లాడే అధినేతలు, సొంత కార్యాలయంలో ఒక్క బయటి మనిషికి విచారణాధికారం ఇవ్వడానికి సిద్ధంగా లేరు.

ప్రభుత్వాలు నివేదికలను తొక్కిపట్టడం కూడా ఈ స్వభావంలో భాగమే. మలయాళ సినిమా రంగం మీద జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు దాకా వెలుగు చూడలేదు. అది చూశాక, తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన ఉపసంఘం నివేదికను కూడా బయటపెట్టమని నటి సమంత బహిరంగంగా కోరవలసి వచ్చింది. బాధితులు సాహసించి చెప్పిన మాటలను అరలో పెట్టి తాళం వేస్తే, తర్వాతి బాధితురాలు నోరు విప్పుతుందని ఏ ముఖంతో ఆశిస్తాం?

కార్యాలయాల్లో ఫిర్యాదుల సంఖ్య పెరిగితే కంగారు పడనక్కరలేదు. తమ మాట వింటారన్న నమ్మకం జనంలో కలుగుతోందని సంతోషించాలి. భయపడవలసింది ఆ సున్నాను చూసి. వచ్చేసారి మీ యాజమాన్యం గోడమీది బోర్డును చూపించి 'మా దగ్గర కమిటీ ఉంది' అని చెప్పినప్పుడు తలూపి ఊరుకోకండి. దానిని ఎవరు నియమించారో, ఎవరు తొలగించగలరో, యజమాని మీద ఫిర్యాదు వస్తే అది ఎక్కడికి వెళుతుందో అడగండి. వచ్చే ఎన్నికల్లో మీ గుమ్మం ముందుకు వచ్చే అభ్యర్థినీ ఇదే అడగండి. భన్వరీదేవి ఆనాడు అడిగింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ప్రశ్నకు జవాబు ఇంకా బాకీయే.